చుట్టకుదురులో గాజుబుడ్డి

చెడిన పనిని మళ్లీ మొదట్నుంచి ఎత్తుకోవాల్సి వచ్చినప్పుడల్లా నాకు 1970ల చివర్లో మద్రాసులో ఎక్కిన ఆ పాసింజరు రైలు గుర్తొస్తుంది. ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి, సీలు వేసిన గాజుబుడ్డిని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకున్నారు. సూళ్లూరుపేటలో ఎండుచేపల గంపతో ఎక్కినామె ఆయన పక్కన కూర్చుంది.

"ఏముంది సామీ అందులో? ఖాళీగా కనపడతా ఉండాదే."

"గాలమ్మా. అండమాన్ల దగ్గర అగ్నిపర్వతం పగుళ్లలోంచి వచ్చేది పట్టి తెస్తున్నాను. అందులో హీలియమనే వాయువు ఉంటుంది. దాంట్లో తేలిక రకం ఎక్కువుంటే, భూమి పుట్టినప్పుడు లోపల చిక్కుకున్నది ఇంకా బయటికొస్తోందన్నమాట. బుడ్డి చిట్లి మన గాలి కలిస్తే ఇక పనికిరాదు. పోయినసారి ఓడ దిగుతుంటే పగిలింది."

"ఇది గూడా పగిలితే?"

"మళ్లీ వెళ్తాను."

ఆమె ఆయన్ని ఎగాదిగా చూసింది. "మా ఇంటాయనా ఇంతే. వల తెగితే ఇంకోటి అల్లుకోని సముద్రం మీదికే పోతాడు." గంప కింద తలకు పెట్టుకునే గుడ్డ చుట్టకుదురును ఆయన ఒళ్లో పెట్టి, బుడ్డిని అందులో నిలబెట్టింది. "మళ్లీ పొయ్యే పని పెట్టుకోబాక."

గూడూరులో ఆమె దిగుతుంటే ఆయన దాన్ని తిరిగివ్వబోయారు.

"నువ్వు పోవాల్సింది దూరం సామీ. నాది సంతదాకానే."

వట్టి తలమీదికి గంప ఎత్తుకుంది. చేతులు ఖాళీ లేక, ఆయన కిటికీలోంచి తలవంచి నమస్కరించారు. ఆమె చూడలేదు. అప్పటికే మెడ నిటారుగా పెట్టి నడుస్తోంది.