పిలిస్తే పలకమన్న టీచరమ్మ

బుధవారం పొద్దున్న జాకెట్టుకు చేతులు అతుకుతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. టీచరమ్మ గారు నిద్రలోనే వెళ్ళిపోయారని, సాయంత్రం నాలుగింటికి మట్టి చేస్తారని చెప్పాడు. హనుమాన్ జంక్షన్‌లో మా షాపు రోడ్డు మీదే ఉంటుంది. రోజంతా లారీల హారన్ల మధ్యే కుట్టుకుంటాం. ఆ నిమిషం మాత్రం నాకు ఏ చప్పుడూ వినపడలేదు. తొమ్మిదేళ్ళ వయసులో మా మామిడితోటలో విన్న నిశ్శబ్దం మళ్ళీ వచ్చి చెవుల్లో కూర్చుంది. ఆ తోట సంగతి చెప్పకుండా ఆవిడ గురించి మీకు చెప్పలేను.

మాది ముసునూరు దగ్గర చిన్న ఊరు. ఆవిడ మా ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆదివారం చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెప్పేవారు. మేం హిందువులం, తోట ఉన్నవాళ్ళం. అయినా నేను వెళ్ళేదాన్ని. పాటలు నేర్చుకుంటే తప్పేముందిలే అని నాన్న ఊరుకున్నాడు. నాయనమ్మకు మాత్రం ఇష్టం లేదు. టీచరమ్మ గారు ఎప్పుడైనా మా ఇంటికి వస్తే వరండా మెట్టు దగ్గరే నిలబెట్టి మాట్లాడి పంపించేది.

ఆవిడ చేతిసంచిలో ఎప్పుడూ ఒక గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్టు, ఒక నెయిల్ కట్టర్ ఉండేవి. నెలకొక ఆదివారం పాఠం ఉండదు. మమ్మల్ని వెంటపెట్టుకుని మంచాన పడినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవారు. ఒకళ్ళు నీళ్ళు తేవాలి, ఒకళ్ళు దుప్పటి దులపాలి. ముసలివాళ్ళ గోళ్ళు తీయడం నా వంతు. ముందు పేరు అడగండి, కులమూ ఊరూ మనకెందుకు, అనేవారు. నాకు ఆ పని రోత. యేసయ్య ఎవరి గోళ్ళూ తీయలేదు కదా టీచర్ అని ఒకసారి అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. "కాళ్ళు కడిగాడు కదమ్మా. గోళ్ళు మనకు వదిలిపెట్టాడు" అన్నారు.

నాకు తొమ్మిదేళ్ళున్న ఆ ఏడు కాయ కోతలు అయిపోయాయి. విజయనగరం వైపు నుంచి వచ్చిన కూలీలు లారీ ఎక్కి వెళ్ళిపోయారు. కోతలయ్యాక మామిడితోట ఎలా ఉంటుందో చూసినవాళ్ళకే తెలుస్తుంది. పట్టపగలు కూడా చెట్ల కింద చీకటిగా ఉంటుంది. రాలిన కాయలు కుళ్ళి పులిసిన వాసన వేస్తుంటాయి. మనిషి అలికిడి ఉండదు.

లారీ వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం ఆ తోటలోంచి పిలుపు వినిపించింది. "చిట్టీ" అని. సాగదీసి, ఒకసారి పిలిచి ఆగి, మళ్ళీ పిలిచేది. మా ఇంట్లో నన్ను పిలిచేదీ ఆ పేరుతోనే. నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగి తలుపు వేసింది. తోటలోంచి పేరు పెట్టి పిలిస్తే పలకకూడదని, పలికినవాళ్ళు మిగలరని చెప్పింది. ఊళ్ళో అందరిదీ అదే మాట. ఇంకొక సంగతి కూడా నాకు బాగా గుర్తుంది. మా అందరికీ వినిపించింది ఆడమనిషి గొంతు. నాయనమ్మ మాత్రం అది చిన్నపిల్ల గొంతంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె పెదవులు తెల్లబడి ఉన్నాయి.

ఆ ఆదివారం టీచరమ్మ గారు దెబ్బలు తిని దారి పక్కన పడిపోయిన మనిషి కథ చెబుతున్నారు. చూసి కూడా పక్కకు తప్పుకుపోయిన ఇద్దరి గురించి చెప్పేసరికి, వాళ్ళు అది దయ్యమనుకున్నారేమో టీచర్ అన్నాను. ఎందుకలా అన్నావని అడిగారు. తోటలో పిలుపు గురించి చెప్పాను. ఎన్నాళ్ళ నుంచి అన్నారు. మూడు రోజుల నుంచని చెప్పాను.

ఆవిడ మొహం మారిపోయింది. మూడు రోజులా అని తనలో తాను అనుకున్నారు. తర్వాత సంచి తీసుకుని లేచారు.

"దయ్యమైతే దానికి మన అన్నంతో పని లేదు. మనిషైతే ఉంది. వెళ్ళి చూస్తేనే కదా తెలిసేది" అన్నారు.

ఎవరినీ రమ్మనలేదు. దారి తెలిసినదాన్ని కనుక నేను లేచాను. నన్ను చూసి మిగిలిన ఐదుగురూ వచ్చారు. మొత్తం ఆరుగురం. తోటలోకి అడుగు పెట్టగానే కీచురాళ్ళు ఆగిపోయాయి. మా కాళ్ళ కింద ఎండుటాకులు తప్ప ఏమీ వినపడలేదు. కాయలు గ్రేడింగ్ చేసే తాటాకుల షెడ్డు దాకా వచ్చేసరికి, చాలా దగ్గర్నుంచి "చిట్టీ" అని వినిపించింది. నేను అక్కడే ఆగిపోయాను. టీచరమ్మ గారు నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి కూడా వణుకుతోంది.

"పలకమ్మా" అన్నారు.

నాయనమ్మ మాట గుర్తొచ్చి ఏడుపొచ్చింది. అయినా పలికాను. ఏమని పలికానో గుర్తు లేదు. షెడ్డులో వరిగడ్డి కుప్ప కదిలింది.

అందులో ఒక ఆడమనిషి పడి ఉంది. నలభై ఏళ్ళు కూడా ఉండవు. ఒళ్ళు నిప్పులా కాలిపోతోంది, పెదవులు పగిలిపోయాయి. టీచరమ్మ గారు ఆమె పేరు అడిగారు. ఆమె చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. పిల్లల్లో పెద్దవాడు పరిగెత్తి రిక్షా బండి తెచ్చాడు. ఆమెను చర్చి పక్క గదికి చేర్చి, ముసునూరు నుంచి కాంపౌండర్‌ను పిలిపించారు.

ఊళ్ళోవాళ్ళెవరూ గది ఛాయలకు రాలేదు. నాయనమ్మ నాకు పసుపునీళ్ళతో తలంటి, ఇక వెళ్ళొద్దంది. నాన్న మాత్రం వెళ్ళనివ్వమన్నాడు. మేం ఆరుగురం స్కూలయ్యాక వెళ్ళి గంజి కాచేవాళ్ళం. నేను ఆమె గోళ్ళు తీశాను. రెండో రోజుకు కొంచెం లేచి కూర్చుంది. మేం అన్నానికి కూర్చుంటే వేలు పెట్టి లెక్కపెట్టి, ఏడుగురు పిల్లలున్నారే, ఆ గుమ్మంలో పిల్లకు పెట్టలేదేం అంది. గుమ్మంలో ఎవరూ లేరు. మేం ఒకరి మీదకు ఒకరం జరిగాం. టీచరమ్మ గారు ఇంకొక పళ్ళెంలో అన్నం పెట్టి గుమ్మం దగ్గర ఉంచారు.

తర్వాత నేను అడిగాను, అక్కడ నిజంగా ఎవరన్నా ఉన్నారా అని.

"నాకు కనపడలేదమ్మా. ఎక్కువ పెడితే ఏ కుక్కో తింటుంది. తక్కువ పెడితే ఎవరు పస్తుంటారో మనకు తెలీదు."

ఆమె ఉన్నన్నాళ్ళూ ఆ పళ్ళెం పెట్టాం. ప్రతిసారీ ఖాళీ అయ్యేది. కుక్కే తిని ఉంటుంది. నేను మాత్రం కుక్కను చూడలేదు.

నాలుగో రోజు ఆమె అన్న వెతుక్కుంటూ వచ్చాడు. జంక్షన్‌లో టీకని లారీ ఆపితే, చిట్టి పిలుస్తోందంటూ దిగిపోయిందట. అటునుంచి నడిచి తోటకు వచ్చేసింది. చిట్టి ఆమె కూతురు. ఐదేళ్ళ కిందట కోతల్లో, ఆ షెడ్డులోనే, జ్వరమొచ్చి చనిపోయింది. ఏడేళ్ళ పిల్ల. నూజివీడు ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి బండి దొరకలేదని అతను చెప్పాడు. ఎవరి మీదా నేరం వెయ్యలేదు.

టీచరమ్మ గారు ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, ఎప్పటిలాగే మెట్టు దగ్గర నిలబడ్డారు.

"పెద్దమ్మగారూ, ఆమె ఎవరో మీకు తెలుసనుకుంటానండీ" అన్నారు.

నాయనమ్మ మెట్టు మీద కూర్చుంది. తర్వాత చెప్పింది. "ఆ రోజు ట్రాక్టర్ అడిగారు. లోడు దింపి వచ్చాక చూద్దాంలే అన్నాను. వచ్చేసరికి అయిపోయింది." తోట వైపు చూస్తూ, "ఆ పిల్ల గొంతు నాకు ప్రతి ఏడూ వినపడుతూనే ఉంది టీచరమ్మా. ఈ ఏడే మీ అందరికీ వినపడింది" అంది.

టీచరమ్మ గారు తప్పని అనలేదు, ఒప్పని అనలేదు. అన్నం వండి మీరే తీసుకురండి, నేను తోడుంటాను అన్నారు. ఊరంతా చూస్తుండగా నాయనమ్మ క్యారేజీ పట్టుకుని చర్చి గదికి నడిచింది. అప్పటివరకూ ఆ ఆవరణలో అడుగు పెట్టని మనిషి. లోపల నేల మీద కూర్చుని, తను చేసింది ఆ తల్లికి చెప్పింది. ఆ తల్లి విన్నదో లేదో నాకు తెలియదు. నాయనమ్మ కలిపి పెట్టిన ముద్ద మాత్రం తిన్నది. క్షమించిందని టీచరమ్మ గారు మాతో ఎప్పుడూ అనలేదు. అది ఆమె ఇష్టం, అడగడం వరకే మన పని అనేవారు.

వారానికి ఆమె అన్నతో వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పిలుపూ మళ్ళీ వినపడలేదు. ఆ మరుసటి ఏడు నుంచి కోతల రోజుల్లో మా ట్రాక్టర్ ఒకటి షెడ్డు దగ్గర ఖాళీగా ఉండేది. ఎవరికైనా ఒంట్లో బాగోకపోతే అదే వెళ్ళేది. నాయనమ్మ పోయేదాకా ఆ ఏర్పాటు తప్పలేదు. ఆమె తర్వాత తమ్ముడు కూడా దాన్ని మానలేదు. టీచరమ్మ గారు ఆ రోజు దయ్యాలు లేవని మాకు చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. ఆవిడ నేర్పింది, భయమేస్తున్నా వెళ్ళడం.

బుధవారం సాయంత్రం ఆవిడను చర్చి వెనక సమాధుల దొడ్డిలో పెట్టాం. దొడ్డి కంచె అవతల బంగినపల్లి తోట. ఈ మధ్య కాయకు మచ్చ పడకుండా ఒక్కోదానికి కాగితపు కవరు కడుతున్నారు. చెట్లనిండా వేల కవర్లు వేలాడుతున్నాయి. అందరూ వెళ్ళిపోయాక నేను కాసేపు ఉండిపోయాను. ఎక్కడా గాలి లేదు. ఒక్క కవరూ కదలడం లేదు. అంతలో కంచెకు దగ్గరగా ఉన్న వరసలో ఒకటి చిన్నగా ఊగింది. తర్వాత దాని పక్కది. ఎవరో చెయ్యెత్తి తాకుతూ నడుస్తున్నట్టు, ఒకదాని తర్వాత ఒకటి, ఆ ఒక్క వరసే కదులుతూ తోట లోపలికి వెళ్ళిపోయింది.