నడిపోడా, పెద్దోడా: మా బావ కారు కొన్న తొమ్మిది రోజులు

మెడలో టేపు లేకుండా మా బావని చూసినవాళ్లు ఇద్దరే ఇద్దరు. ఒకరు మా అక్క. రెండోవాడు చివర్లో ఆపరేషన్ చేసిన డాక్టరు. బావ పోయి పద్నాలుగు నెలలైంది. పలకరించడానికి వచ్చినవాళ్లంతా ఆయన కుట్టిన కోట్ల గురించి చెప్పారు, కాలరు నిలబెట్టే తీరు గురించి చెప్పారు. అవన్నీ నిజమే. నాకు మాత్రం ఆయన కారు ఎంచుకున్న తొమ్మిది రోజులే పదేపదే గుర్తొస్తాయి.

బావ టైలరు. వీధిలో టేపు మాస్టారంటే చాలు, షాపు చూపించేవాళ్లు. దానికి ఎదురుగా ఉన్న గ్రంథాలయంలో నేను పనిచేస్తాను. పుస్తకాల కోసం వచ్చేవాళ్లు తక్కువ కనక, టీ వచ్చినప్పుడల్లా బావ రోడ్డవతల నుంచి కేకేసేవాడు. "రావోయ్, దుమ్ము దులిపింది చాలు!" అలా ఆ తొమ్మిది రోజుల్లో నా కంట పడనిది దాదాపు ఏమీ లేదు.

పాత కారు చిన్నది, నేలకి దగ్గరగా ఉండేది. బావ వాళ్లమ్మకి, అంటే మా అత్తమ్మకి, తుంటికి ఆపరేషనయ్యాక అందులో కూర్చోవడం కష్టమైపోయింది. "ఇది కారెక్కడం కాదురా, బావిలోకి దిగడం" అనేది. అందుకని దాన్ని ఇచ్చేసి, ఎత్తుగా ఉండే పెద్ద బండి కొందామని బావ నిర్ణయించాడు. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

సరిగ్గా అప్పుడే అక్కకి ఉద్యోగం వచ్చింది. అక్క రక్తపరీక్షలు చేసే టెక్నీషియను. పని చేసిన ల్యాబు మూతపడి ఏడాదిగా ఇంట్లోనే ఉంది. ఊరి బయట కొత్తగా కట్టిన ఆసుపత్రివాళ్లు పిలిచారు. డ్యూటీ ఏడున్నరకి. మొదటి బస్సు అక్కడికి చేరేది ఎనిమిదింబావుకి. కారు నడుపుకుంటూ వెళ్తే తప్ప కుదరదు. వస్తారో రారో ఒకటో తారీకు సాయంత్రం లోపల చెప్పమన్నారు. అప్పటికి తొమ్మిది రోజులుంది.

అక్కకి లైసెన్సుంది. మూడు నెలలు నేర్చుకుని, మొదటిసారే పాసైంది. ఆ లైసెన్సు రెండేళ్లుగా పర్సులో నలగకుండా ఉంది. ఎందుకంటే బావ "నేనున్నాగా" అనేవాడు.

"నేనున్నాగా, రోజూ దింపుతా" అన్నాడు ఈసారి కూడా.

"వద్దండీ" అంది అక్క. "మీ పక్కన కూర్చుని వెళ్తే దిగేసరికి నా చేతులు వణుకుతాయి. ఆ చేతుల్తో ఎవరి నరం వెతకను?"

అది అబద్ధం కాదు. బావ కారు నడపడం కుట్టుమిషను తొక్కినట్టే ఉండేది. తొక్కడం, ఆపడం, మళ్లీ తొక్కడం. వెనక కూర్చున్నవాళ్లం సూది కింద బట్టలా జరుగుతూ ఉండేవాళ్లం.

"సరే, నువ్వే నడుపుదువుగాని. చూద్దాంలే" అన్నాడు బావ. వాళ్లింట్లో చూద్దాంలే అంటే ఏమిటో అందరికీ తెలుసు. గోడకి సున్నం వేయించే విషయం కూడా ఆయన అయిదేళ్లుగా చూస్తూనే ఉన్నాడు.

మొదటి రోజు అందరం షోరూముకి వెళ్లాం. ఒకే బండి, మూడు రకాలు. సేల్సమ్మాయి వాటికి ఏవో పేర్లు చెప్పింది. నోరు తిరగక, కాలేజీలో చదివే మా మేనకోడలు అక్కడికక్కడే చిన్నోడు, నడిపోడు, పెద్దోడు అని పేర్లు పెట్టేసింది. బావకి అవి నచ్చాయి. కాసేపటికి సేల్సమ్మాయి కూడా "సార్, నడిపోడిలో వెనక ఏసీ వస్తుంది సార్" అనడం మొదలుపెట్టింది.

బావ టేపు తీశాడు. కోటుకి కచ్చా కుట్టు వేసి ట్రయల్ చూస్తారే, అలాగే చూశాడు కారుకి కూడా. అత్తమ్మని మూడుసార్లు ఎక్కించి మూడుసార్లు దింపాడు. మోకాలికీ ముందు సీటుకీ మధ్య ఎన్ని అంగుళాలుందో కొలిచాడు. చెయ్యి ఎత్తమన్నాడు, పట్టుకునే పిడి అందుతోందా అని. తర్వాత కూతుర్ని ఎక్కించాడు. తర్వాత నన్ను.

"నువ్వెక్కరా. లావుపాటి చుట్టాలొస్తే ఎలా ఉంటుందో చూడాలి."

"నేనేం చుట్టాన్ని బావా?"

"లావొప్పుకున్నావుగా, అది చాలు."

జేబులోంచి సుద్ద తీసి, అత్తమ్మ తుంటి ఆనే చోట సీటు మీద గీత గీశాడు. సేల్సమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"సార్! అది డిస్‌ప్లే బండి సార్!"

"దులిపితే పోతుందమ్మా. ముప్పయ్యేళ్లుగా పోతూనే ఉంది."

అక్క మా అందరి సంచులూ పట్టుకుని నిలబడి ఉంది. "నేను కూడా ఒకసారి కూర్చుని చూస్తానండీ, స్టీరింగు దగ్గర" అంది.

"నీ కొలత నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తా. అయిదడుగుల రెండంగుళాలు. సరిపోతుంది" అన్నాడు బావ. అక్క సంచులు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

మర్నాటికి షాపులో మూడింటి వివరాలూ రాసిన ఓ పెద్ద కాగితం వేలాడింది. అత్తమ్మకి కావలసినవన్నీ నడిపోడిలో ఉన్నాయి: పక్కన మెట్టు, పిడి, వెనక చెయ్యి ఆనించుకునే బల్ల. చిన్నోడికి మెట్టే లేదు. పెద్దోడికి అన్నీ ఉన్నాయి, పైగా కప్పు మధ్యలో తెరుచుకునే అద్దం ఉంది. బావ ఆ అద్దం దగ్గరే ఆగిపోయాడు. ధర మాట ఎత్తలేదు. ఆయన అభ్యంతరం వృత్తికి సంబంధించింది.

"శుభ్రమైన గుడ్డకి నడిమధ్య చిల్లు పెట్టేవాణ్ణి నా షాపు గడప తొక్కనిస్తానా?"

"ఆకాశం కనిపిస్తుందట బావా."

"దిగితే కనిపించదా?"

నడిపోడే ఖాయమైంది. మూడో రోజు మధ్యాహ్నం అక్క షాపుకొచ్చింది. కస్టమర్లు లేని సమయం చూసుకుని వచ్చిందని నాకు అర్థమైంది. కాలర్ల కట్ట పక్కకి జరిపి స్టూలు మీద కూర్చుంది.

"సేల్సమ్మాయికి ఫోన్ చేశానండీ. నడిపోడిలో డ్రైవరు సీటు ఎత్తు మారదట. పెద్దోడిలోనే పైకి లేస్తుందట, స్టీరింగు కూడా కిందికి వంగుతుందట."

"అయితే?"

"నాకు రోడ్డు కనపడాలి కదా."

బావ కత్తెర పక్కన పెట్టాడు. "సీటు ఎత్తు కావాలి, అంతేగా? దానికోసం కప్పుకి చిల్లున్న బండి కొంటామా? నేను టైలర్నే. ఆల్టరేషన్ నాకొదిలెయ్."

అక్క నా వైపు చూసింది. అయిదేళ్లనాటి సున్నం గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

కానీ ఈసారి బావ చూద్దాంలే అనలేదు. నిజంగానే పనిలో దిగాడు. నాలుగు రోజులు పెళ్లికోట్లు పక్కన పడేసి సీటు దిండు కుట్టాడు. గట్టి స్పాంజి, మీద మందపాటి గుడ్డ, అంచుల చుట్టూ పైపింగు, జారకుండా వెనక రెండు పట్టీలు. అంత అందమైన దిండు నేనింకెక్కడా చూడలేదు. కోట్లకోసం వచ్చినవాళ్లు దాన్ని నొక్కి చూసి, తమ కోట్ల సంగతి మర్చిపోయి వెళ్లిపోయారు. "అయిదడుగుల రెండు మనిషికి లెక్క కట్టి కుట్టా. వెంట్రుకవాసి తేడా రాదు" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు.

తొమ్మిదో రోజు, ఒకటో తారీకు. సాయంత్రం ఆరులోపల అక్క ఆసుపత్రికి మాట చెప్పాలి. నాలుగింటికి షోరూముకి వెళ్లాం. బావ, అక్క, నేను, దిండు. నడిపోణ్ణి షోరూము వెనక ఖాళీ జాగాలో పెట్టారు. బావ స్వయంగా పట్టీలు బిగించి, తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అక్క ఎక్కింది. బెల్టు పెట్టుకుంది. మెడ సాచింది. ఇంకొంచెం సాచింది.

"కనపడుతోందా?"

"కనపడుతోంది. మెడ ఇలా పెడితే."

"బ్రేకు తొక్కు."

తొక్కింది. దిండు ముందంచు తొడ కింద అడ్డుపడింది. పాదం వేళ్లే ఆనాయి. బ్రేకు సగం దాకా వెళ్లి ఆగిపోయింది. అక్క ఇంకోసారి ప్రయత్నించింది. తర్వాత బెల్టు తీసి నెమ్మదిగా దిగింది. దిండుని కూడా విప్పి, దులిపి, జాగ్రత్తగా బావ చేతికిచ్చింది.

"బాగా కుట్టారండీ" అంది. "నేనే ఆ ఉద్యోగం వద్దని చెప్పేస్తాను. టైము కూడా అవుతోంది."

పర్సులోంచి ఫోను తీసింది. ఆమె మాటలో కోపం లేదు. కోపముంటే బావకి సులువయ్యేది, కోపాన్ని మాటలతో సర్దేయడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"ఆగాగు" అన్నాడు. "లెక్క తప్పే అవకాశం లేదు. ఇలా నిలబడు."

టేపు తీశాడు. నడిపోడి పక్కనే, సిమెంటు నేల మీద, చెప్పులు విప్పించి నిలబెట్టాడు. మడమ దగ్గర్నుంచి తలదాకా పట్టాడు. చూశాడు. మళ్లీ పట్టాడు. నాకిచ్చి చదవమన్నాడు.

"నాలుగడుగుల పదకొండున్నర" అన్నాను.

"నువ్వు తగ్గిపోయావా?" అన్నాడు అక్కతో.

"తగ్గలేదు. ఎప్పుడూ ఇంతే."

"మరి పెళ్లికి ముందు నేను పట్టిన కొలత?"

"ఆ రోజు పిన్ని ఎత్తుమడమల చెప్పులిచ్చింది. పొట్టిదంటారని విప్పొద్దంది."

బావ కాసేపు టేపు అంచుని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఆ ఒక్క కొలతతో కత్తిరించిన కాగితం నమూనా షాపులో మేకుకి వేలాడుతూ ఉండేది. దాన్ని పెట్టే ఇరవై రెండేళ్లుగా అక్క బట్టలన్నీ కుట్టాడు. ఊరందరికీ మాత్రం మనిషి మారుతూ ఉంటాడు, ప్రతిసారీ కొలత తీయాలి అని పాఠం చెప్పేవాడు.

"మరి నేను కుట్టినవన్నీ నీకు సరిపోయాయి కదా?"

"రెండున్నర అంగుళాలు లోపలికి మడిచి కుట్టుకుంటాను."

"ఎప్పట్నుంచి?"

"మొదటి దాని దగ్గర్నుంచి."

"చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నానండీ. అప్పటికే మీరు మా వాళ్లందరి ముందూ చెప్పేశారు, ఒక్కసారి కొలిచి కుట్టా, ఎలా సరిపోయిందో చూడండి అని. తర్వాత చెప్పే సందర్భం రాలేదు."

సేల్సమ్మాయి గోడ మీదున్న టైర్ల ప్రకటనని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టింది. నేనూ ఆమె పక్కకి వెళ్లి అదే చదివాను. అందులో పెద్దగా ఏమీ లేదు.

అయిదుంబావుకి బావ, "అమ్మాయ్, పెద్దోణ్ణి తీసుకురా" అన్నాడు.

పెద్దోణ్ణి తెచ్చి పక్కన పెట్టారు. అక్క కూర్చుంది. సీటు పైకి లేచింది, ముందుకి జరిగింది, స్టీరింగు వంగింది. ఈసారి బావ సరిపోతుందని తనే అనలేదు. టేపు పట్టుకుని కొలిచాడు, నడుము నుంచి మోకాలు, మోకాలు నుంచి మడమ, సీటు నుంచి కన్ను. ఒక్కో అంకె చెప్తుంటే నేను కాగితం మీద రాశాను. కొలవడం అయ్యాక కూడా, "నువ్వు చెప్పు. ఎలా ఉంది?" అని అడిగాడు. నేను విన్నంతలో ఆయన ఆ ప్రశ్న కస్టమర్లనే అడిగేవాడు.

అక్క బ్రేకు తొక్కింది. అద్దాలు చూసుకుంది. జాగా చుట్టూ రెండు చుట్లు తిప్పింది. మూడో చుట్టు కూడా తిప్పింది, అది అవసరం లేకపోయినా.

"రోడ్డంతా కనపడుతోంది" అంది.

బావ సేల్సమ్మాయి వైపు తిరిగాడు. "ఇదే బండి, కప్పుకి చిల్లు లేకుండా వస్తుందా?"

"రాదు సార్."

"కుట్టేయడానికి కూడా కుదరదు కదా?"

"అద్దం సార్ అది."

సంతకం పెట్టాడు. అక్క ఆరుకి పది నిమిషాల ముందు ఆసుపత్రికి ఫోన్ చేసి వస్తానని చెప్పింది.

అక్క డ్యూటీలో చేరేనాటికి బండి వచ్చింది. మొదటి వారమంతా బావ పక్కసీట్లో కూర్చుని ఆసుపత్రి దాకా వెళ్లాడు. అక్కణ్ణుంచి రెండు బస్సులు మారి పదిన్నరకి షాపు తెరిచేవాడు. పెళ్లికోట్లవాళ్లు గొడవ పెట్టారు. వాళ్లకి కారణం చెప్పలేదు, కరెంటు లేదన్నాడు.

ఎనిమిదో రోజు పొద్దున ఇంటి గేటు దగ్గర అక్క, "ఇవాళ్టినుంచి మీరు రావద్దండీ" అంది.

"ఎందుకు? నేనేమైనా అన్నానా?"

"ఏమీ అనడం లేదు. అదే కష్టంగా ఉంది. మీరు అనకుండా ఆపుకోవడం చూస్తూ ఉంటే రోడ్డు చూడలేకపోతున్నాను."

బావ తలుపు మూసి వెనక్కి జరిగాడు. బండి మలుపు తిరిగింది. ఆ రోజు ఎనిమిదికే షాపు తెరిచాడు. నేను వెళ్లేసరికి ఫోను గుండీల డబ్బా మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. అప్పటికే చేరానని కబురొచ్చిందట, అయినా చూస్తున్నాడు.

మొదట వచ్చిన కస్టమరు మర్యాదకి, "అమ్మగారు కనపడ్డంలేదే?" అన్నాడు.

"డ్యూటీకి వెళ్లింది."

"మీరే దింపి వచ్చారా?"

"ఎవరూ దింపలేదు. తనే నడుపుకుంటూ వెళ్లింది" అన్నాడు బావ.

ఆ రోజు షాపుకి ముగ్గురొచ్చారు. ముగ్గురికీ ఆ మాటే చెప్పాడు. చివరి ఇద్దరూ ఏమీ అడగలేదు.