ఆయా మోకాలు
ట్యుటోరియల్ యజమానితో ఇంగ్లీషు టీచరమ్మ పోట్లాడి గెలవడం ఆయా కళ్లారా చూసింది. అప్పటికప్పుడు అనుకున్న పనికి ‘విల్’, ముందే నిశ్చయించుకున్నదానికి ‘గోయింగ్ టు’ అని పిల్లల ముందే ఆయన తప్పు దిద్దింది. ఆ కసితో ఆయన, ఆవిడ ఆరేళ్లుగా రాసుకున్న పాఠాలను, ఎన్నడూ ట్యుటోరియల్ గడప తొక్కని తన కొడుకు పేరుతో అచ్చు వేయించాడు. టీచరమ్మ మాత్రం రోజూ సుద్దముక్క గోరంత అయ్యేదాకా రాసి, నవ్వుతూ వెళ్లేది. రెండో తరగతితో బడి మానేసినా ఆ నవ్వు చదవడం ఆయాకు వచ్చు. పుస్తకం విడుదల సభ రోజు పొద్దున్నే టీచరమ్మ అందులో ఒక పేజీ తెరిచి ఆయాకు చూపించింది.

“పిన్నీ, ‘ఆయా శనివారం మోకాలు చూపించుకోబోతోంది’ అని ‘గోయింగ్ టు’కి ఉదాహరణ నీ మీద రాశానే, అదీ మార్చలేదు.”

“నా మోకాలు అచ్చుకెక్కిందా? ఆ పాఠాలు నీవని సభలో నువ్వే అడగరాదూ?”

“నేనడిగితే కుళ్లంటారు. సభలో నువ్వు లేచి, ‘నాయనా, నన్నెప్పుడూ చూడనివాడివి, నా మోకాలి సంగతి నీకెలా తెలిసింది?’ అని అడుగు.”