బర్రె మెచ్చిన కెమెరా

ఆ రోజుల్లో జేబులోంచి ఫోను తీసి కంటికి కనపడినదాన్నల్లా ఫొటో కొట్టేసే వైభోగం మా ఉప్పునుంతల దాకా ఇంకా రాలేదు. ఫోన్లకు కెమెరాలు ఉండేవి, కాదనను. కానీ వాటితో తీసిన బొమ్మలో మనిషేదో, వెనకున్న గోడేదో చెప్పాలంటే తీసినవాళ్ళే పక్కన నిలబడి వివరించాలి. ఇప్పుడు మా అమ్మాయి పళ్ళెంలోని దోసెను తినేముందు అన్ని వైపుల నుంచీ తిరిగి తిరిగి ఫొటోలు తీస్తుంటే నాకు కడుపు మండుతుంది. దోసె చల్లారిపోతుందని కాదు, దోసె కదలదు కదా అని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫొటోలు తీయాల్సి వచ్చినవన్నీ కదిలేవే. పైగా వాటికి కొమ్ములు.

ఉప్పునుంతల పశువుల దవాఖానలో అసిస్టెంటుగా అది నా మొదటి ఉద్యోగం. అచ్చంపేటలో అద్దె గది, పొద్దున్నే బస్సు, ఆ తర్వాత ఊరూరా తిరుగుడు. సూదులు వేయడం, కట్లు కట్టడం నాకు కష్టమనిపించలేదు. నా ప్రాణం తీసింది బీమా పని. బర్రెకు బీమా చేయాలంటే ముందు దాని చెవికి నంబరు వేసిన పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ళ కొట్టాలి. (కాగితాల భాషలో దాన్ని చెవిపోగు అంటారు. ఆ మాట నా పరువు ఎలా తీసిందో కాసేపట్లో చెబుతాను.) బిళ్ళ కొట్టాక యజమానీ, బర్రే, బిళ్ళ మీది నంబరూ ముగ్గురూ ఒకే ఫొటోలో కనపడాలి. యజమాని చెబితే వింటాడు. మిగిలిన ఇద్దరూ వినరు.

దవాఖానకు ఒక కెమెరా ఉండేది. మా డాక్టరు సారు దాన్ని తుండుగుడ్డలో చుట్టి బీరువాలో దాచేవారు. ఇటుకంత బరువు, రెండు చేతులతో పట్టుకుంటే తప్ప నిలవదు. నాకూ ఉన్నవి రెండు చేతులే, అందులో ఒకటి బర్రె చెవి పట్టుకోవడానికే కావాలి. పైగా మీట నొక్కాక అది నిద్రలేచి, ఒళ్ళు విరుచుకుని, సరే తీద్దామా అనుకునేలోపల బర్రె చెవి విదిల్చేసేది. బొమ్మలో చెవి ఉండాల్సిన చోట పసుపుపచ్చ గీత ఒకటి పడేది. పది రోజులకోసారి పై ఆఫీసు నుంచి కాగితాలు తిరిగొచ్చేవి, "ఫొటో స్పష్టముగా లేదు" అని. "చేయి వణకనియ్యకమ్మా" అనేవారు సారు. "వణికేది నేను కాదు సార్, బర్రె" అంటే, "అయితే దానికి చెప్పు" అని పేపరు తిరగేసేవారు.

ఇదంతా చిరాకే కానీ భరించదగ్గ చిరాకు. భరించలేనిది ముర్రా అవ్వ విషయంలో జరిగింది. ఉప్పునుంతలలో మొదట ముర్రా జాతి బర్రెను తెచ్చింది ఆమే కాబట్టి ఆమెకా పేరు. వయసులో ఉన్నన్నాళ్ళూ మేస్త్రీల వెంట ఊళ్ళు పట్టి తిరిగి, మట్టి మోసి మోసి, ఇక తన ఊళ్ళోనే ఉండిపోదామని ఆ బర్రెను తెచ్చుకుంది. ఇంకెక్కడికీ పోనవసరం లేదన్న ధైర్యం ఆమెకు ఆ బర్రె ఒక్కటే. అదేమో చూడితో ఉంది. కిందటి ఈతలో చావు తప్పి బయటపడింది. ఈసారి ఈనకముందే బీమా కావాలని అవ్వ పట్టుదల. రెండుసార్లు ఫొటో పంపాను, రెండుసార్లూ తిరిగొచ్చింది. రెండోసారి సంగతి చెప్పడానికి వెళితే అవ్వ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బర్రె పొట్ట నిమురుతూ, "డాక్టరమ్మా, ఫొటోల పడకముందే గిది ఈనేటట్టున్నది. జర చూడు బిడ్డా" అంది.

ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను, నా జీతంతో నా కెమెరా నేనే కొనుక్కోవాలని. నాకు కావాల్సిందేమిటో నాకు స్పష్టంగా తెలుసు. ఏప్రాను జేబులో రోజూ పడి ఉండాలి, ఒంటి చేత్తో తీయగలగాలి, నొక్కగానే పలకాలి, దగ్గరి నుంచి అంకెలు కనపడేలా తీయాలి. ఇంతే. ఈ నాలుగు ముక్కలు నోట్లో పెట్టుకుని నేరుగా దుకాణానికి పోయి ఉంటే ఈ కథే లేదు. కానీ గద్వాలలో మా మేనమామ ఉన్నాడు. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీస్తాడు. చీకట్లోనే కాదు, మిట్టమధ్యాహ్నం ఎండలోనూ ఫ్లాష్ కొడతాడు కాబట్టి చుట్టాలందరికీ ఆయన ఫ్లాష్ మామ. ఆయనకు చెప్పకుండా కెమెరా కొంటే ఏడాదిపాటు మాట్లాడడు. చెప్పాను.

"డబ్బీ కెమెరానా? కోడలా, ఫ్లాష్ మామ కోడలు డబ్బీ కెమెరా పట్టుకుంటదా? నలుగురు ఏమనుకుంటరు?"

"నలుగురు చూడరు మామా, బర్రెలు చూస్తయి."

"నువ్వు ఊకో. ఆదివారం వనపర్తికి రా, నేనూ వస్త. మంచి దుకాణమున్నది, మనోడే."

ఆదివారం వనపర్తి బస్టాండులో మామ తెల్లటి లాల్చీ పైజమాతో దిగాడు, పెళ్ళికి వచ్చినట్టే. ఆ 'మనోడు' దుకాణదారు మామను గుర్తుపట్టలేదు. మామ తాను ఎవరి పెళ్ళిలో ఏ ఫొటో తీశాడో చెప్పి గుర్తు చేసే ప్రయత్నం చేశాడు. అతను మర్యాదకు "ఆ, ఆ" అని, నావైపు తిరిగి, అద్దాల అరలోంచి వరసగా గులాబీ రంగు కెమెరాలు తీసి పేర్చాడు. "ఆడపిల్లలు గివే తీస్కపోతున్నరు మేడమ్." నాకు రంగుతో పని లేదన్నాను. ఎన్ని పిక్సెళ్ళున్నాయో చెప్పాడు. నాకు వాటితోనూ పని లేదన్నాను. "మరి ఏం గావాలె మేడమ్?" అన్నాడు, నిజంగానే దిగులుపడి.

ఇక్కడే నేను ఆఫీసు భాష మాట్లాడాను. "దగ్గర్నుంచి తీస్తే చెవిపోగు స్పష్టంగా రావాలి."

అతని మొహం వెలిగిపోయింది. "కమ్మలా మేడమ్! కమ్మలు, జుంకాలు, ముక్కుపుడక, అన్నీ తళతళ వస్తయి."

"కమ్మలు కాదు. చెవిపోగు మీది నంబరు కనపడాలి."

అతను నా చెవులవైపు చూశాడు. మామవైపు చూశాడు. గొంతు తగ్గించి, "మా ఇంట్ల ఆడోళ్ళ కమ్మల మీద నంబర్లు ఉండయి మేడమ్. మీ దిక్కు ఉంటయా?" అని అడిగాడు.

బర్రె అనే మాట ముందే చెప్పి ఉండాల్సింది. చెప్పాక అతను నవ్వలేదు గానీ లోపలికి పోయి నీళ్ళు తాగి వచ్చాడు. మామ మాత్రం పరువు పోయినట్టు తల పట్టుకుని, వెంటనే ఆ పోయిన పరువును నిలబెట్టడానికి అన్నిటికంటే పెద్ద జూమున్న కెమెరాను చేతికి తీసుకున్నాడు. "గిది దీస్కో. దూరం నుంచే కొట్టొచ్చు. సోమశిల కాడ బర్రె ఏటికి ఆ ఒడ్డున ఉంటే నువ్వు ఈ ఒడ్డున నిలబడి చెవి తీయొచ్చు." బర్రె చెవి నేను పట్టుకోకపోతే ఎవరు పట్టుకుంటారు మామా, అన్నాను. వినలేదు. ఒక కెమెరా మీద పువ్వు గుర్తుంది, అది దగ్గరివాటి కోసం కదా అని దుకాణదారును అడిగితే, "గది పువ్వులు తీయనీకె మేడమ్" అన్నాడు, అనుమానమే లేనట్టు. నాకు ఓపిక నశించింది. "మాటలొద్దు. బర్రె మీద తీసి చూస్తాను. నచ్చిందే కొంటాను" అన్నాను.

"బర్రె యాడున్నది మేడమ్?"

రోడ్డుకు అవతల ఒక పాలాయన తన బర్రెను వేపచెట్టుకు కట్టి టీ తాగుతున్నాడు. చెవికి పసుపుపచ్చ బిళ్ళ మెరుస్తోంది. దుకాణదారుకు కెమెరా బయటికి ఇవ్వడానికి మనసొప్పలేదు, కాదంటే బేరం పోతుంది. అందుకని కెమెరాకున్న తాడు తన వేలికి చుట్టుకుని నాతోపాటే వచ్చాడు. నేను ముందుకు పోతే అతనూ ముందుకు, నేను వంగితే అతనూ వంగుతాడు. రెండో చేతిలో ఇంకో రెండు కెమెరాల పెట్టెలు. పాలాయన మమ్మల్ని పైనుంచి కిందికి చూసి, "ఏంది గిదంత? పెండ్లిచూపులా?" అన్నాడు. విషయం చెబితే, "తీస్కోండ్రి, అది ఏమనదు" అని టీ గ్లాసు ఊదుకున్నాడు. మామ లాల్చీ చేతులు మడిచి, "నేను పలుపు పట్టుకుంట, నువ్వు తియ్యి" అని చెట్టు నుంచి పలుపు విప్పాడు. (విప్పమని ఎవరూ చెప్పలేదు. పెళ్ళికూతుర్ని కూడా ఇలాగే పక్కకు జరిపి నిలబెడతానని తర్వాత సమర్థించుకున్నాడు.)

మామ మెచ్చిన కెమెరాను బర్రె చెవి దగ్గర పెట్టి మీట నొక్కాను. జుయ్‌మని చప్పుడు చేస్తూ దాని మూతి తొండంలా బయటికి పొడుచుకొచ్చింది. ఆ వెంటనే ఎర్ర దీపం ఒకటి వెలిగింది. బర్రె దాన్ని చూసింది. అలాంటి జంతువును అది ఎన్నడూ చూసి ఉండదు. ఒక్క విదిలింపుతో తల తిప్పుకుని పరుగందుకుంది. పలుపు వదిలేసి ఉంటే సరిపోయేది, కానీ ఫ్లాష్ మామ నలుగురూ చూస్తున్న రోడ్డు మీద పలుపు వదిలే రకం కాదు. "ఓయ్, ఓయ్, ఆగు, జర ఆగు" అని బర్రెను బతిమాలుకుంటూ పెట్రోలు బంకు దాకా పోయాడు. పాలాయన తీరిగ్గా వెళ్ళి ఇద్దర్నీ వెనక్కి తీసుకొచ్చాడు. లాల్చీ ఏ రంగో చెప్పడానికి వీల్లేకుండా ఉంది. చెప్పు ఒకటి దొరకలేదు. దుకాణదారు మాత్రం తాడు వదల్లేదు, కెమెరాకు గీత కూడా పడలేదు.

రెండోదానికీ తొండమే. బర్రె దాన్ని పెట్టెలోంచి తీయడం చూసి వెనక్కి జరిగింది. మూడోది అరచేతిలో ఇమిడేంత చిన్నది, పలకలా చదునుగా ఉంది. మూత పక్కకు జరిపితే చాలు, చప్పుడు లేదు, ఏదీ బయటికి రాదు. నా ఎడమచేత్తో చెవి పట్టుకుని కుడిచేత్తో నొక్కాను. బర్రె దాన్ని వాసన చూసి, నాలుకతో ఒకసారి నాకి, నెమరు వేసుకుంది. తెరమీద చూస్తే బిళ్ళ మీది అంకెలన్నీ, వాటి పక్కన వాలిన ఈగతో సహా, ఒక్కటి పోకుండా ఉన్నాయి. "గిదే" అన్నాను. దుకాణదారు లాల్చీ అంచుతో (మా మామ లాల్చీ అంచుతో, అదెలాగూ పాడైంది కాబట్టి) అద్దం మీది ఎంగిలి తుడుస్తూ మెల్లగా చెప్పాడు, "గీ రకంల ఒక్కటే మిగిలింది మేడమ్. రంగు చూసిండ్రుగా." అది గులాబీ రంగు. మామ గద్వాల బస్సెక్కేటప్పుడు ఒంటి చెప్పుతో నిలబడి, "డబ్బీయే కొన్నవ్ గద" అన్నాడు. నేను కొత్త చెప్పులు కొనిస్తానన్నా వద్దన్నాడు.

మర్నాడు పొద్దున దవాఖానకు కూడా పోకుండా నేరుగా ముర్రా అవ్వ ఇంటికి వెళ్ళాను. బర్రె చక్కగా నిలబడింది. ఈసారి అవ్వ నిలబడలేదు. "గీ చీరలనా? ఆగు" అని లోపలికి పోయింది. వచ్చింది. తల దువ్వుకోవాలని మళ్ళీ పోయింది. వచ్చాక, మీట నొక్కే క్షణంలో సరిగ్గా కళ్ళు మూసుకుంది. తర్వాత బర్రెవైపు తిరిగింది. ఆ తర్వాత ఎవరో వీధిలో పోతుంటే పలకరించింది. "అవ్వా, కదలకు! ఇటు చూడు! కళ్ళు!" అని నేను మొత్తుకుంటుంటే, "బర్రెను తియ్యమంటే నన్ను సతాయిస్తవేంది బిడ్డా" అంది. చివరికి అయింది. ముగ్గురూ పడ్డారు, నంబరుతో సహా. ఆ ఫొటో తిరిగి రాలేదు. బీమా కాగితం వచ్చిన వారానికి బర్రె ఈనింది. ఈసారీ కష్టపడింది, నేనూ సారూ చెమటలు కక్కాం. కానీ తల్లీ బతికింది, దుడ్డె కూడా బతికింది. అవ్వ గడప మీద కూర్చుని నీళ్ళు కూడా తాగకుండా మమ్మల్నే చూస్తూ ఉండి, దుడ్డె లేచి నిలబడ్డాక మాత్రం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఆ గులాబీ కెమెరా నా ఏప్రాను జేబులోనే ఉంది. తవుడు, పేడ, సూది మందు, అన్నీ తగిలించుకుని చివరికి మూత జరగడం మానేసింది. అందులోని ఫొటోలన్నీ ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్లో ఉన్నాయి. పెళ్ళైన కొత్తలో మా ఆయన ముచ్చటపడి తెరిచి చూసి, కాసేపటికి "అన్నీ చెవులేనా?" అని మూసేశాడు. నిజమే, అన్నీ చెవులే. రోజూ కెమెరా జేబులో పెట్టుకుని తిరిగిన మనిషి ఫొటో అందులో ఒకే ఒక్కటుంది. అది దుడ్డె పుట్టాక అవ్వ తీసింది, నేను వద్దంటున్నా లాక్కుని. సగం బొమ్మ ఆమె బొటనవేలే. మిగిలిన సగంలో నేను, జుట్టు రేగిపోయి, బర్రె మెడ మీద చెయ్యి వేసి, నోరు బార్లా తెరిచి "వేలు తియ్యి అవ్వా, వేలు!" అని అరుస్తున్నాను. ఎంత చిరాకు ఆ మొహంలో! దేనికంత తొందరో, ఎవరు తరుముతున్నారో ఆ పిల్లను.

తీసి చూసుకుని అవ్వ మురిసిపోయింది. "మంచిగ పడ్డవు బిడ్డా. మా బర్రె గూడ నిన్నే చూస్తున్నది" అంది. అప్పుడు ఆ మాట నేను వినిపించుకోలేదు, కెమెరా లాక్కుని తుడుచుకునే పనిలో ఉన్నాను. ఇప్పుడు చూస్తే అవ్వ చెప్పింది నిజమే. అంతగా అరుస్తున్న నన్ను ఆ బర్రె పక్కకు తిరిగి, గడ్డి నమలడం కూడా ఆపి, ఎంతో ఓపిగ్గా చూస్తోంది.