స్వామి వచ్చాడనుకున్న రోజు

ఈ కార్తీకంలో పులివెందుల బస్టాండులో నల్లబట్టల స్వాములను చూసి, పక్కనున్నాయన "తాగేటోళ్లకు మాలను మించిన వైద్యం లేదప్పా" అన్నాడు. జమ్మలమడుగులో మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఆ వైద్యాన్నే నమ్ముకుని ఏటా మాల వేసుకునేవాడు. దీక్ష ఉన్నన్నాళ్లు చుక్క ముట్టడు. మామూలప్పుడు ఆయన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు కూడా "స్వామీ" అంటూ లేచి నిలబడేవాళ్లు. ఆయనా ఊరుకోక వాళ్లకు ఉపదేశాలిచ్చేవాడు. మాల తీసిన సాయంత్రం ఉపదేశాలన్నీ ఇంట్లో పెట్టి బ్రాందీషాపుకు బయల్దేరేవాడు.

ఒక ఏడు మాత్రం సంగతి వేరు. అప్పటికి మామకు పొద్దున పళ్లు తోమకముందే క్వార్టరు పడాలి, లేకుంటే చేతిలో టీ గ్లాసు నిలవదు. అంత తాగుడూ ఒక్క పూటలో ఆపేసి మాల వేసుకున్నాడు. మేమంతా సంబరపడ్డాం. రెండు రోజులకే ఒళ్లంతా చెమటలు, వణుకు. ఇంట్లో భజన జరుగుతుండగా లేచి, గోడ మీద లేని చీమలను దులుపుతూ కేకలు పెట్టాడు. గురుస్వామి కర్పూరం వెలిగించి, "స్వామి పూనినాడు, ఎవరూ ముట్టుకోగాకండి" అన్నాడు. శరణుఘోషతో ఇల్లు దద్దరిల్లింది. మా అమ్మ తమ్ముడి కాళ్లకే మొక్కింది. మామ కళ్లు తేలేస్తున్నాడు.

అత్త ఆయన ముఖాన్ని రెండు చేతులా పట్టుకుని, "నేనెవరు?" అని అడిగింది.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు మామ, బెదిరిపోయి.

"దేవుడైతే నన్నెరగడా? ఇది ఏందో రోగం. ఆటో పిలవండి!"

దీక్షలో ఉన్న మనిషిని ఆస్పత్రికి తీసుకుపోతే మైల అంటూ గురుస్వామి అడ్డం నిలబడ్డాడు. అత్త మామ మెడలో మాల తీసి దేవుడి పటానికి వేసింది. ఆడది మాల తీయడమా అని అందరూ నోరు నొక్కుకున్నారు. "మాల మళ్లా ఏసుకోవచ్చు. మనిషి పోతే యాడ తెచ్చేది?" అంది.

ప్రొద్దుటూరు దారిలో ఆటోలోనే మామకు ఫిట్స్ వచ్చాయి. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు డాక్టరు. తాగుడుకు అంతగా అలవాటుపడిన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికొస్తుందనీ, ఆస్పత్రిలో మందులిచ్చి మాన్పించాలనీ అప్పుడే విన్నాం. అది దైవమూ కాదు, పాపమూ కాదు, జబ్బని నమ్మడానికి మావాళ్లకు ఇంకా చాలాకాలం పట్టింది. మామ మానాడు, మధ్యలో మళ్లీ తాగాడు, మళ్లీ మానాడు.

మొన్న ఫోనులో "మామ మానేసి ఎన్నేళ్లయిందత్తా?" అని అడిగాను.

"ఏండ్లు నాకు తెలీదు నాయనా. ఈ పొద్దు తాగలేదు. ఇంగా మాపు కాలేదు గదా" అంది.

మాకందరికీ ఏళ్లుగా గడిచిపోయిన కాలం, అత్తకు మాత్రం ఒక్కొక్క సాయంత్రంగానే గడిచింది.