పదిహేడో నంబరు పాట

భాయ్‌గారు పోయారన్న సంగతి నాకు శుక్రవారం పొద్దున తెలిసింది. ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి, తండ్రిని అబ్బా అంటుంది. "ఆంటీ, అబ్బా బుధవారం పోయిండ్రు. గుండె ఆగింది. ఫోన్‌ల మీ నంబరు 'టైపింగ్ అమ్మ' అని రాసుకున్నరు. చెప్పాల్నని చేసిన" అంది. అప్పటికి ఖననం కూడా అయిపోయింది.

ముందురోజు గురువారం. మధ్యాహ్నం మూడింటి నుంచి ఐదింటి దాకా ఆయన కోసం చూసి, రాకపోయేసరికి విసుక్కున్నాను. రానని ఒక్క ఫోన్ కొడితే ఏం పోయింది ఈ పెద్దమనిషికి అనుకున్నాను. నేను అలా గొణుక్కుంటున్న వేళకి ఆయన మట్టిలో ఉన్నారు. అది తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

ఆయన్ని మీరు ఎరగరు. కానీ మీలో ఎవరైనా ఇంటర్నెట్‌లో జరిగే ఆ నెలవారీ పాటల పోటీకి పాట పంపి ఉంటే, దాని కింద ఆయన అభిప్రాయం చదివి తిట్టుకునే ఉంటారు. తిట్టుకున్నా రెండోసారి చదివి ఉంటారు. ఆ మాటలు ఆయనవి, టైపింగ్ నాది.

నాకు అమీర్‌పేటలో ఒక డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. షాపంటే ఒక కోచింగ్ సెంటరు మెట్ల కింద మిగిలిన జాగా. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని ఇతరుల మాటలు టైప్ చేస్తున్నాను. రెజ్యూమెలు, ప్రాజెక్టు రిపోర్టులు, శుభలేఖలు, పదకొండో రోజు కార్డులు. సాయంత్రం షట్టరు దించి యూసుఫ్‌గూడలో నా గదికి వెళ్తాను. తాళం తీశాక మళ్ళీ పొద్దున దాకా నోరు తెరవాల్సిన పని ఉండదు. పెళ్ళి మాట ఒకప్పుడు నడిచింది, ఆగిపోయింది, దాన్ని గురించి ఇక్కడ అక్కర్లేదు.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు చేతిలో ఒక స్టీలు గ్లాసు ఉంది. టీకి వచ్చి షాపు పొరబడ్డారేమో అనుకున్నాను. గ్లాసు నా టేబుల్ మీద పెట్టి, అందులో ఫోన్ నిలబెట్టి పాట పెట్టారు. చిన్న ఫోనే అయినా పాట ఖంగుమని వినిపించింది. అప్పుడు సంగతి చెప్పారు. కృష్ణానగర్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోలో ముప్పై ఏళ్ళు మైకులు అమర్చారట. పాడేవాళ్ళ నోటికీ మైకుకీ ఎంత దూరం ఉండాలో చూడటం ఆయన పని. ఆ పనికి పేరు ఎక్కడా పడదు. ఇప్పుడు పంజాగుట్టలో ఒక్కరే ఉంటున్నారు. స్టూడియోలో తెలిసిన ఒక కుర్రాడు ఈ పాటల పోటీ పెట్టి, వచ్చిన ప్రతి పాటకీ అభిప్రాయం రాసిపెట్టమని అడిగాడట. పాడినవాళ్ళ పేర్లు ఉండవు, నంబర్లే ఉంటాయి. మామూలు జనం, తామే రాసి తామే పాడో, ఎవరి చేతనో పాడించో పంపిన పాటలు.

చిక్కల్లా ఒకటే. ఆయన చదివింది ఉర్దూ మీడియం. తెలుగు గడగడా మాట్లాడతారు కానీ అక్షరం రాదు.

"నేను చెప్తా, మీరు టైప్ చేయాలెమ్మా. కాని ఒక షరతు. నా మాటను మంచిగ చేయకుండ్రి" అన్నారు.

"మంచిగా చేయొద్దా?"

"వద్దు. ఇదివరకు ఒకాయన రాస్తుండె. నేను 'బాగ లేదు' అంటె 'ఇంకా బాగుండవచ్చు' అని రాసిండు. పాట పంపినోడు అది చూసి మస్తు ఖుష్ అయి గదే పాట మళ్ళ పంపిండు."

"మీరు దగ్గితే దగ్గు కూడా టైప్ చేస్తాను" అని మాటిచ్చాను. ఆ మాట ఇచ్చినట్టు బాగా గుర్తుంది నాకు.

అలా గురువారాలు మొదలయ్యాయి. మూడింటికి పిల్లలంతా క్లాసుల్లో ఉంటారు, షాపు ఖాళీ. జిరాక్స్ మిషన్ పక్కన స్టూలు ఆయనది. సిగ్నల్ దగ్గర బండి మీద ఒక జామకాయ కొనుక్కొచ్చి సగం నాకు పెట్టేవారు. వట్టి 'భాయ్' అనడానికి మా కోస్తా నోరు ఒప్పుకోక 'గారు' తగిలించాను. "ఒక్క నెత్తికి రెండు టోపీలు పెట్టినవమ్మా" అని నవ్వారు. మూడో వారానికే ఆయన నోట 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది.

ఒక్కో పాట మూడుసార్లు వినేవారు. మొదటిసారి ఏమీ అనరు. మూడోసారి వింటూ అభిప్రాయం చెబుతారు. అసలు వినడం రెండోసారి. కళ్ళు మూసుకుని, పాడే మనిషి ఊపిరి తీసుకున్న చోటల్లా "ఊ" అనేవారు. కథ చెబుతుంటే పిల్లలు ఊ కొడతారే, అచ్చం అలాగే. మొదట్లో నాకు నవ్వొచ్చేది. ఒకరోజు అడిగేశాను, ఎందుకలా అంటారని.

"పాడెటోడు ఊపిరి తీసుకుంటడు చూడు, గా చోటు వినెటోనిది. గక్కడ నేను ఊ అనాలె. అనబుద్ధి కాకపోతె పాటల ఏదో తక్కువున్నట్టు" అన్నారు. ముప్పై ఏళ్ళు మైకు పక్కన నిలబడి అంతమంది ఊపిరి విన్న మనిషి. ఆ లెక్కన ఆయన చెవి నుంచి తప్పించుకోవడం కష్టమే.

మాటలు మాత్రం నిర్దాక్షిణ్యంగా ఉండేవి. వాన మీద ఎవరో రాస్తే, "వాన వాన అని పదకొండుసార్లు అన్నడు. ఒక్కసారి సుత తడవలే" అని చెప్పించారు. అమ్మ మీద పాటకి, "అమ్మ గొప్పది సరే. ఆమె ఏం కూర వండుతదో గీ పిల్లగానికి తెలుసునా?" అన్నారు. సనత్‌నగర్ ఫ్యాక్టరీలో పని అని పాటలోనే చెప్పుకున్న అతనెవరో డ్యూటీలోనే ఫోన్‌లో పాడి పంపాడు. వెనకాల మిషన్ చప్పుడు. "మిషన్ తాళం తప్పలే, తమ్ముడు తప్పిండు. ఇంకోసారి మిషన్ మాట విని పాడు, మంచిగొస్తది" అని టైప్ చేయించారు. మరుసటి నెల అతను మళ్ళీ పంపాడు, మిషన్ చప్పుడుతో సహా. ఆ పాట రెండోసారి వింటూ భాయ్‌గారు ఎన్ని ఊలు అన్నారో. ఆ రోజు జామకాయ మొత్తం నాకే ఇచ్చేశారు.

నేను టైప్ చేశాక ఆయనకి చదివి వినిపించాలి. అది మా పద్ధతి. ఆయన తలూపితే పంపేయడమే. అలా వందకి పైగా పాటలయ్యాయి. ఒక్క అక్షరం మార్చలేదు నేను. ఒక్కసారి తప్ప.

ఇప్పుడు అది చెప్పాలి. ఇన్ని పాటలు విన్నాక నాకూ ఒకటి రాయాలనిపించింది. నవ్వకండి. నా గది కిటికీ మీద, ఎదురింటి డాబా మీద వెలిగే బల్బు మీద, అటు చూస్తూ ఒకామె తనలో తాను అనుకునే మాటల మీద రాశాను. ప్రింట్లకి వచ్చే హాస్టలు అమ్మాయి ఒకతె బాగా పాడుతుంది, ఆమె చేత పాడించి పోటీకి పంపాను. పదిహేడో నంబరు ఇచ్చారు. భాయ్‌గారికి చెప్పలేదు. ఆయన మెచ్చుకున్నాక చెప్పి ఆశ్చర్యపరుద్దామని నా ఉద్దేశం.

ఆ గురువారం గ్లాసులో ఫోన్ పెట్టారు. రెండోసారి కళ్ళు మూసుకుని విన్నారు. పాట మొదలైంది, సాగింది, అయిపోయింది. ఒక్క ఊ కూడా అనలేదు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను. మూడోసారి వింటూ చెప్పడం మొదలుపెట్టారు.

"పదిహేడు. మాటలు మంచిగున్నయి. కాని గీ పాటల ఊపిరి తీసుకునె జాగా లేదు. ఒక మాట ఒడవకముందే ఇంకో మాట అందుకుంటది. ఒక్కరే ఉండెటోళ్ళు గిట్లనే మాట్లాడతరు. మధ్యల ఊ అనెటోళ్ళు లేరు గద, ఆగుడు మర్చిపోతరు. ఫికర్ చేయకు తల్లీ. జర ఆగి చూడు. ఆగితె ఎవరో ఒకరు ఊ అంటరు."

ఇరవై రెండేళ్ళలో నా గదిలోకి ఎవరూ తొంగిచూడలేదు. ఈయన స్టూలు మీద నుంచి కదలకుండా, కళ్ళు మూసుకుని చూసేశారు. అది నలుగురూ చదివే చోట నా చేత్తో నేనే రాయాలి. అది నా పాట అని చదివేవాళ్ళెవరికీ తెలియదని ఎంత చెప్పుకున్నా లాభం లేకపోయింది. ఇలా టైప్ చేశాను: "పదిహేడు: పదాల ఎంపిక బాగుంది. భావం ఎక్కడా ఆగకుండా ధారాళంగా సాగింది. రచయిత్రికి మంచి భవిష్యత్తు ఉంది."

ఆ తర్వాత స్క్రీను వైపే చూస్తూ, ఆయన చెప్పిన మాటలన్నీ పొల్లుపోకుండా పైకి చదివినట్టు నటించాను. స్క్రీను మీద ఒకటి, నోటితో ఇంకొకటి. అక్షరం రాని మనిషిని అలా మోసం చేశాను. ఆయన అంతా విని తలూపి "ఊ" అన్నారు. పంపేశాను.

ఆ తర్వాత నాలుగు నెలలు ఆయన ఎప్పటిలాగే వచ్చారు. రెండు మూడుసార్లు మాత్రం, పని అయిపోయి లేచేముందు, "పదిహేడు నంబరామె మళ్ళ ఏమన్న పంపిందా?" అని అడిగారు. పంపలేదన్నాను. "పంపమను. జల్దీ లేదు, కాని పంపమను" అని గ్లాసు సర్దుకున్నారు. నాకు తెలిసినామె అయినట్టు పంపమను అంటారేమిటి అని ఒక్కసారైనా అనుకోలేదు నేను. చెప్పేద్దామని ప్రతి గురువారం అనుకునేదాన్ని. వచ్చే వారం చెబుదాంలే అని వాయిదా వేసేదాన్ని. ఆఖరిసారి వచ్చినప్పుడు గ్లాసు నా టేబుల్ మీదే మర్చిపోయి వెళ్ళారు. వచ్చే వారం తీసుకుంటారులే అని కడిగి పెట్టాను.

వాళ్ళమ్మాయి ఫోన్ చేసిన పది రోజులకి షాపుకి వచ్చింది. సనత్‌నగర్‌లో ఉంటుంది, ఆదివారాలు తండ్రిని చూసి వెళ్ళేదట. ఆయన ఫోన్‌లో ఇంకా వినని పాటలున్నాయి, పోటీవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక వచ్చింది. స్టూలు చూపించి కూర్చోమన్నాను. కూర్చుని, చుట్టూ చూసి, "అబ్బా ఎప్పుడూ మీ సంగతే చెప్తుండె ఆంటీ" అంది. తర్వాత మామూలుగా, ఏదో మాటవరసకి అన్నట్టు అంది, "మీరు టైప్ చేసినయన్నీ సాయంత్రం ఫోన్ చేత చదివించుకునెటోరు."

నాకు అర్థం కాలేదు.

"అక్షరాలు చూపిస్తె ఫోనే పైకి చదువుతది గద ఆంటీ. నేనే నేర్పించిన. ఒకనాడు నేను ఉన్న. ఫోన్ చదువుతుంటె ఆపిండ్రు, మళ్ళ పెట్టిండ్రు. తర్వాత నవ్వుడే నవ్వుడు. ఏమైంది అంటె, 'మా టైపింగ్ అమ్మ పాట రాసింది బేటా, నాకు చెప్పలే' అన్నరు."

"ఎలా తెలిసింది ఆయనకి?"

"అన్నీ చెప్పినట్టె రాసి గదొక్కటే మార్చింది, గందుకే తెలిసింది అన్నరు."

"కోపం రాలేదా?"

"లేదు ఆంటీ. అడగమని నేను సుత అన్న. 'అడిగితె సిగ్గుపడతది. ఆమెనే చెప్తది. చెప్పెదాక నేను షాపుకు పోతుంట' అన్నరు."

ఆ పిల్ల ముందే ఏడ్చేశాను. తండ్రి పోయిన పిల్ల నన్ను ఓదార్చాల్సి వచ్చింది. గ్లాసు ఇవ్వబోతే తీసుకోలేదు, ఉంచుకోమంది.

ఆమె వెళ్ళాక పదిహేడో నంబరు అభిప్రాయం మళ్ళీ టైప్ చేశాను. ఈసారి ఆయన చెప్పినట్టే, ఒక్క అక్షరం మంచిగా చేయకుండా. ఆ పాట రాసింది నేనేనని, అప్పట్లో మాటలు మార్చింది కూడా నేనేనని కింద రాసి పోటీవాళ్ళకి పంపాను. పెట్టారు. పాత నెల పాట కదా, ఎవరూ చూసినట్టు లేదు. చూడాల్సిన ఒక్క మనిషి లేరు. ఆయన సాయంత్రాలు ఎలా వినేవారో తెలుసుకుందామని నా ఫోన్ చేత చదివించి చూశాను. ఆ గొంతు గబగబా చదువుకుపోయింది. 'జర ఆగి చూడు' అన్న మాట దగ్గర కూడా ఆగలేదు.

ఈ నెల ఒక పాట రాశాను. ఎవరి చేతా పాడించలేదు. నా గొంతు బాగుండదు, అయినా నేనే పాడి ఫోన్‌లో రికార్డు చేశాను. ప్రతి పాదం చివరా ఆగాను. ఎంతసేపు ఆగాలో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, అందుకని కొంచెం ఎక్కువే ఆగాను.

మొన్న గురువారం మూడింటికి స్టీలు గ్లాసు స్టూలు మీద పెట్టి, అందులో ఫోన్ నిలబెట్టి పాట పెట్టాను. పైన క్లాసులు జరుగుతున్నాయి. షాపులో ఎవరూ లేరు. మొదటి పాదం అయింది. ఆగిన చోటు వచ్చింది. గ్లాసులోంచి నేను ఊపిరి తీసుకున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.