మిర్కాబ్ లేని ఊరు

ఆ ఊరి పేరు ఇప్పటికీ నాకు నోరు తిరగదు. ఫ్రాన్సులో ఎక్కడో ఒక చిన్న ఊరు, ఒక ఏరు, ఏటి పక్కన ఒక కాలేజీ. మా మామా చిన్నకూతురు ఆ కాలేజీలో చేరబోతోందని కువైట్ నుంచి ఇంటిల్లిపాదీ కదిలారు. వండి పెట్టడానికి, బట్టలు చూసుకోవడానికి మనిషి కావాలి గనక సూట్‌కేసులతో పాటు నన్నూ విమానం ఎక్కించారు. మామా అంటే నేను పనిచేసే ఇంటి ఇల్లాలు, బాబా అంటే ఆ ఇంటి యజమాని. కువైట్‌లో ఇంటిపని చేసేవాళ్ళందరం అలాగే పిలుస్తాం.

నేను ఆ ఇంట్లో చేరేనాటికి ఆ పిల్లకి పాలపళ్ళు ఊడుతున్నాయి. కోపమొస్తే తల్లి మీదికి వెళ్ళేది, ఆకలేస్తే నా దగ్గరికి వచ్చేది. నన్ను అక్కా అని పిలవడం నేనే నేర్పాను. నేర్పనివి కూడా పట్టేసింది. మా కోనసీమ తిట్టు ఒకటి వాళ్ళ నాన్న ముందు ముద్దుముద్దుగా అనేసి, దానికి అర్థం ఏమిటని ఆయన నన్ను నిలదీస్తే పక్కన నిలబడి కిసుక్కున నవ్వింది. నేను పెళ్ళయి మూడేళ్ళకే ఒంటరిదాన్నయ్యాను, పిల్లల్లేరు. కాబట్టి ఆ పిల్ల నాకేమవుతుందో ఇంతకన్నా చెప్పక్కర్లేదు.

ఊళ్ళో దిగిన కొన్నాళ్ళకి మామా వంటగదిలోకి వచ్చి మాట కదిపింది. "దీన్ని ఒక్కదాన్నీ వదల్లేను. చదువయ్యేదాకా నువ్వు ఇక్కడే ఉండిపో. కాగితాలు బాబా చూసుకుంటారు. తాళంచెవి నీ దగ్గరే ఉంటుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి వెళ్ళు. బలవంతమేం లేదు, ఆలోచించుకో." పిల్ల తల్లి వెనకాల నిలబడి, తెలుగులో, "ఉండు అక్కా, ఉండు" అంది.

నాకు సగం ప్రాణం అప్పుడే ఒప్పేసుకుంది. కువైట్‌లో తాళంచెవి అన్నది నా చేతికి రాలేదు. నెలకి రెండు శుక్రవారాలు సెలవు, అదీ డ్రైవరు సిటీ నడిబొడ్డున మిర్కాబ్ అనే పేటలో దింపి, చెప్పిన వేళకి వచ్చి మళ్ళీ ఎక్కించుకుంటాడు. కానీ ఆ మిర్కాబ్ ఉందే, దాని కోసమే రెండు వారాలు గడిపేదాన్ని. సెలవు రోజొస్తే మనవాళ్ళంతా అక్కడే. మెట్ల మీద, గట్ల మీద, కార్గో షాపుల ముందు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూలబడి ఒకటే కబుర్లు. రాయచోటి నుంచి వచ్చి హవల్లీలో పనిచేసే ఒకావిడ అక్కడే నాకు స్నేహితురాలైంది. ఫ్రాన్సు వెళ్తున్నానని దిగులుపడితే ఆవిడ నన్ను కసిరింది. "యా ఊర్లోనైనా మనోళ్ళు కూడే జాగా ఒకటి ఉంటాది మే. పండగ దినం బయటికి పోయి చూడు, నీకే కనపడతాది."

ఆగస్టు పదిహేను వచ్చింది. మనకి జెండా పండగ, అక్కడ మరియమ్మ పండగట, ఊరంతా సెలవు. మావాళ్ళు సముద్రానికి బయల్దేరారు. కారులో నాకు చోటు లేదు. మామా తాళంచెవి నా చేతిలో పెట్టి, "ఊరంతా తిరిగి చూసుకో. సాయంత్రం వచ్చాక ఉంటావో ఉండవో చెప్పు, ఖలాస్" అంది.

ఉన్నవాటిలో మంచి చుడీదార్ వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, తీర్థానికి వెళ్ళేదానిలా బయల్దేరాను. తలుపుకి బయటినుంచి నా చేత్తో తాళం వేసి, పడిందో లేదోనని రెండుసార్లు లాగి చూశాను. రెండోసారి లాగింది సరదా కోసమే.

వీధిలో నరమానవుడు లేడు. కిటికీలకి చెక్కతలుపులు బిగించేశారు. రొట్టెల కొట్టు తలుపుకి చేత్తో రాసిన కాగితం అంటించి ఉంది. మందుల షాపు మూసేసి ఉన్నా, పైన పచ్చదీపం మాత్రం వెలుగుతూ ఆరుతూ ఉంది. ఇంకా లేవలేదేమోలే అనుకున్నాను. మనవాళ్ళు కూడేది బస్సులో రైళ్ళో ఆగే చోటే కదా అని స్టేషను వెతుక్కుంటూ వెళ్ళాను. అక్కడ ఒక టికెట్టు మిషను, దాని నీడలో ఒక పిల్లి. ఆ పిల్లి నన్ను చూసి లేవను కూడా లేదు.

సరే, పండగ మరియమ్మది గనక జనమంతా చర్చిలో ఉంటారని అటు నడిచాను. ప్రార్థన ఎప్పుడో అయిపోయింది. కొవ్వొత్తులు కాలుతున్నాయి, ఒక ముసలాయన కుర్చీలు సర్దుతున్నాడు. నన్ను చూసి "బోన్‌జూర్" అన్నాడు. దారిలో కుక్కని తిప్పుతున్న ఒకామె కూడా అలాగే అంది. మర్యాదకేం లోటు లేదు. కువైట్‌లో దారిన పోయే పరాయివాళ్ళెవరూ నన్ను పలకరించిన పాపాన పోలేదు. కానీ వీళ్ళు ఆ ఒక్క మాటా అనేసి ఆగరు. తిరిగి ఏమనాలో నేను తేల్చుకునేలోపు వాళ్ళ వీపులు కనిపించేవి.

వంతెన మీదికి వచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. కింద ఏరు. దాన్ని నది అంటే మా ఊరి పంటకాలవ నవ్వుతుంది. చుట్టూ చూసి, "ఎవరన్నా ఉన్నారేంటండీ!" అని గట్టిగా అరిచాను. ఏదో ఒక కిటికీ తెరుచుకుని ఎవరో ఒకరు విసుక్కుంటారని ఎదురుచూశాను. విసుక్కున్నా బాగుండేది. అక్కడే పిట్టగోడ పట్టుకుని కాసేపు ఏడ్చాను.

వంతెన దిగాక ఒక పార్కు. అందులో బెంచీ మీద, తలకి స్కార్ఫు కట్టుకున్న ఒకావిడ ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. వెళ్ళి "సలామలేకుం" అన్నాను. ఆవిడ ఎంత గబుక్కున లేచిందంటే సంచీ కింద పడిపోయింది. ఆవిడది మొరాకో దేశం. దగ్గర్లోనే ఒక ముసలాయన్ని చూసుకుంటుంది, ఆయన మధ్యాహ్నం నిద్రపోతే ఇక్కడికి వస్తుంది. ఆవిడ అరబీ వేరు, నా వంటింటి అరబీ వేరు. సగం చేతులతోనే నడిపించాం.

"సెలవు రోజు అందరూ ఎక్కడ కూడతారు?" అని అడిగాను.

"అందరూ అంటే ఎవరు?"

"పనిచేసేవాళ్ళు. మనలాంటివాళ్ళు."

నేను హాస్యమాడుతున్నానని అనుకుని నవ్వింది. తర్వాత నా మొహం చూసి నవ్వడం ఆపేసింది. పక్కనున్న ఖాళీ మీద చెయ్యి వేసి, "ఇక్కడే" అంది.

మామా ఉండమంటోందని చెప్పగానే నా చెయ్యి పట్టేసుకుంది. "ఉండు. ఆదివారాలు, పండగలు, అన్నీ ఇక్కడే కూర్చుందాం. నేను ఏదైనా తియ్యగా చేసి తెస్తాను." ఇక ఆగలేదు. నాకు అర్థమవుతోందో లేదో కూడా చూసుకోకుండా మాట్లాడుతూనే ఉంది. నేను లేస్తే తనూ లేచింది. వంతెన దాకా వచ్చింది, అక్కణ్ణుంచి చర్చి దాకా వచ్చింది, చివరికి మా వీధి మొగ దాకా వచ్చింది. అంతసేపూ చెయ్యి వదల్లేదు. నిజం చెప్పాలంటే నాకు ఆవిడ మీద జాలి కన్నా భయం ఎక్కువ వేసింది. కొన్నాళ్ళకి ఎవరో తెలియని మనిషి చెయ్యి నేనూ అలాగే పట్టుకుంటానని తెలిసిపోయింది. ఇంటికొచ్చి తాళం తీసేటప్పటికే ఉండకూడదని నిశ్చయించుకున్నాను.

ఇక మిగిలింది పిల్లకి చెప్పడం. దానికి ఇష్టమని పప్పుచారు పెట్టి, పోపు వేస్తూ మాటలు కూర్చుకున్నాను. ఏడిస్తే ఏమనాలి, అన్నం తిననని అలిగితే ఎలా బతిమాలాలి, రోజూ వీడియో కాల్ చేస్తానని ఎప్పుడు చెప్పాలి, అన్నీ అనుకున్నాను. దాని కన్నా ముందు నాకే కళ్ళనీళ్ళు వస్తాయేమోనని బెంగపడ్డాను.

ఎండకి కమిలిపోయి, ఇసుక మోసుకుంటూ వచ్చారు. ఉండలేనని ముందు మామాకి చెప్పాను. జీతం పెంచమంటావా అని అడిగింది. "అది కాదు మామా, ఇక్కడ మనుషుల్లేరు" అన్నాను. మామా పకపకా నవ్వి, "అందుకే కదా ఇంత దూరం వచ్చాం!" అంది. కోపం తెచ్చుకోలేదు. ఇంకెవరినైనా చూస్తామంది.

పిల్ల తన గదిలో మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తోంది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. పక్కన కూర్చుని, "అమ్మలూ, నేను ఉండట్లేదే. మీ అమ్మావాళ్ళతో వెళ్ళిపోతాను" అన్నాను.

ఒక్క క్షణం నా వైపు చూసింది.

"ఆదీ, అక్కా. ఆదీ" అంది. ఫర్వాలేదని. మళ్ళీ ఫోన్‌లోకి వెళ్ళిపోయింది.

కూర్చుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి. లేచి, నేల మీద పడున్న తడి తువ్వాలు తీశాను. చెప్పుల్లో ఇసుక దులిపాను. దులపక్కర్లేని దుప్పటి కూడా దులిపాను. ఇంకొక్కసారి ఉండమంటే ఉండిపోయేదాన్ని. పొద్దుట్నుంచీ చూసిందంతా మర్చిపోయి ఉండిపోయేదాన్ని. అంటుందేమోనని గుమ్మంలో నిలబడ్డాను. చేయడానికి ఇంకే పనీ దొరక్క, తలుపు వేసెయ్యనా అని అడిగాను.

"ఊఁ" అంది.